విజిల్ నోట్లో ఉన్నవాడు

ఏప్రిల్ 7, సోమవారం

నా మెడలో ఈరోజు విజిల్ పడింది. సేఫ్టీ ఆఫీసర్ సితీ మేడమ్ స్వయంగా వేసింది, సన్మానం చేసినట్టు. "రాజు బ్రదర్, ఫ్రమ్ టుడే యు వాటర్ ఇన్‌ఛార్జ్, ఓకే?"

ఓకే. పద్దెనిమిదేళ్ళుగా ఈ పరాయి దేశంలో కాంక్రీటు పోయిస్తున్నాను. ఇక నీళ్ళు కూడా పోయించాలన్నమాట.

గంటకోసారి విజిల్ ఊదాలి. ఊదగానే చేతిలో పని కింద పెట్టి అందరూ వరసగా నిలబడాలి, సీసా ఎత్తాలి, తాగాలి. నేను మళ్ళీ ఊదేదాకా దించకూడదు. వాటర్ పెరేడ్ అంటారు దీన్ని. ఇక్కడి మిలిటరీలో అలవాటట. ఎండలు ముదిరాక సైట్లకీ వచ్చింది.

తంజోంగ్ పగార్‌లో మా బిల్డింగు పంతొమ్మిదో అంతస్తుకి వచ్చింది. పైకప్పు లేదు, నీడ లేదు, ఇరవై ఇద్దరం. అందరూ నవ్వుకుంటూ నిలబడ్డారు, స్కూలు ప్రార్థనలోలాగా. వరస చివర్న త్రినాథ్ — నా బామ్మర్ది, స్టీలు కట్టే పని వాడిది. సీసా అందరికంటే ఎత్తుగా ఎత్తాడు. బావ పరువు నిలబెడుతున్నాడు అనుకున్నా.

ఏప్రిల్ 8, మంగళవారం

నడుము పట్టేసింది. మాత్ర. టీతోనే వేసుకున్నా — నా సీసా కింద ఆఫీసు గదిలో ఉండిపోయింది.

ఏప్రిల్ 9, బుధవారం

లారీలో రాస్తున్నా. మేముండే క్రాంజీ డార్మిటరీ చేరడానికి ఇంకా ముప్పావు గంట, ఈ ట్రాఫిక్‌లో.

ఈరోజు మావాళ్ళని అడిగాను, పొద్దున్న లేచాక ఎన్ని నీళ్ళు తాగుతారని. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ తాగరు! తాగితే దారిలో వస్తుంది, లారీ ఆగదు. సైట్‌కి వచ్చాకా తాగరు. పంతొమ్మిదో అంతస్తు నుంచి టాయిలెట్‌కి దిగాలంటే లిఫ్ట్ కోసం నిలబడాలి, ఫోర్‌మన్ చూపు పడుతుంది. అందుకని మధ్యాహ్నం దాకా గొంతు ఎండబెట్టుకుని, భోజనం దగ్గర ఒకేసారి లీటరు ఎత్తి పోసుకుంటారు. తర్వాత కడుపు బిందెలా పెట్టుకుని నిచ్చెనలెక్కుతారు.

సితీ మేడమ్‌కి చెప్పాను. తల కొట్టుకుంది. దాహం వేసిందంటేనే ఆలస్యం అయిందట. కొంచెం కొంచెం, చాలాసార్లు తాగాలట. మధ్యాహ్నం తలనొప్పి, పిక్కలు పట్టేయడం, చేయి తడబడటం, ఊరికే కోపం — మనం ఎండ దెబ్బ అనుకునేదాంట్లో సగం నీళ్ళు లేకపోవడమేనట.

కోపం కూడానా అని అడిగాను. "యెస్ లా. యువర్ ఫోర్‌మన్, డ్రై లైక్ బిస్కెట్."

ఏప్రిల్ 11, శుక్రవారం

టాయిలెట్ గోడ మీద రంగుల పట్టీ అంటించారు. లేత పసుపు నుంచి ముదురు గోధుమ దాకా ఎనిమిది గళ్ళు. నీ మూత్రం రంగు పైన ఉంటే మంచిది, కిందికి దిగుతున్నకొద్దీ తాగు అని. చీరల కొట్లో రంగులు చూసుకున్నట్టు చూసుకుంటున్నారు మావాళ్ళు. "నీదేటి?" "టీ." "నాది కాఫీ రా, పాలు లేని కాఫీ!"

నేను చూసుకోలేదు. తొందరలో ఉన్నా.

ఐదు రోజులే అయింది, కానీ తేడా ఉంది. మూడింటికి తలనొప్పి మాత్ర అడిగేవాళ్ళు తగ్గారు. నిన్న ఇద్దరు కొట్టుకోబోయి మానేశారు. త్రినాథ్ ఒక్కడే మధ్యాహ్నానికి కోసి పడేసిన తోటకూర కాడలా వాడిపోతున్నాడు. అందరితోపాటే సీసా ఎత్తుతున్నాడు కదా మరి...

ఏప్రిల్ 13, ఆదివారం

డార్మిటరీ. వంటగదిలో త్రినాథ్ పక్కన నిలబడి చూశాను, వాడికి తెలియకుండా. కుళాయి నీళ్ళు గిన్నెలో పట్టాడు. కాచాడు. చల్లార్చాడు. తెల్ల గుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టాడు. అప్పుడు ఒక్క గ్లాసు — మందు తాగినట్టు ముక్కు మూసుకుని తాగాడు.

"ఇక్కడి నీళ్ళు శుభ్రమే కదరా, ఊరంతా కుళాయి కిందే పట్టుకుని తాగుతోంది" అన్నాను.

"మా ఊళ్ళో నీళ్ళు కూడా తేటగానే ఉండేవి బావా. అద్దంలాగ. తియ్యగా ఉండేవి. తాగి తాగి మా నాన్న పోనాడు. సింహాచలం అన్నయ్య వారానికి రెండు దినాలు రక్తం కడిగే మిషనుకి కట్టించుకుంతన్నాడు. ఎవుడికి తెలుసు నీళ్ళలో ఏటుంటాదో?"

వాళ్ళది ఉద్దానం. కొబ్బరితోటలు, జీడితోటలు, సముద్రం గాలి — ఇంటికొక కిడ్నీ జబ్బు మనిషి. ఎందుకొస్తుందో పెద్ద పెద్ద డాక్టర్లే గట్టిగా చెప్పలేకపోతున్నారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం నీళ్ళ మీదే అనుమానపడ్డారు. ఆరేళ్ళ కిందట మా ఆవిడ పార్వతి నా చేతులు పట్టుకుంది — మా తమ్ముణ్ణి ఆ నీళ్ళ నుంచి తీసుకుపోండి అని. తీసుకొచ్చాను. వాడు నీళ్ళని వదిలి వచ్చాడు, భయాన్ని మాత్రం మూట కట్టుకొచ్చాడు.

వాడు నమ్మేది ఒక్క కొబ్బరి నీళ్ళనే. దేవుడు సీలేసి పంపినాడు, ఎవుడూ ముట్టలేదు అంటాడు. సాయంత్రం టెక్కా మార్కెట్‌లో రెండు బోండాలు కొట్టించి ఒకటి నాకిచ్చాడు.

ఏప్రిల్ 15, మంగళవారం

పట్టుకున్నా వాణ్ణి.

పది గంటల పెరేడ్. విజిల్ ఊదాను. సీసాలు లేచాయి. త్రినాథ్ గొంతు ముడి పైకీ కిందికీ ఆడుతోంది, బ్రహ్మాండంగా. కానీ సీసాలో నీళ్ళు కదలడం లేదు. ఆ సీసాల మీద గీతలున్నాయి, సితీ మేడమ్ గీయించినవి. పొద్దున్న ఏ గీత దగ్గరున్నాయో అక్కడే ఉన్నాయి. పెదాలు మూసుకుని మింగుతున్నాడు గాలిని!

ఎనిమిది రోజులుగా. నా ఎదురుగా. రోజూ సాయంత్రం ఆ నీళ్ళతో చేతులు కడుక్కుని ఖాళీ సీసా చూపిస్తున్నాడు.

అందరూ వెళ్ళాక అడిగాను. నీళ్ళు నమిలాడు. తాగడానికి పనికిరానివి నమలడానికి పనికొచ్చాయి.

గట్టిగా తిట్టాను. తిట్టకూడని మాట ఒకటి అన్నాను — నీ కొడుక్కి రెండేళ్ళు, మీ నాన్నలాగే నువ్వూ వాణ్ణి వదిలిపోతావురా అని.

ఏప్రిల్ 16, బుధవారం

మాట్లాడటం లేదు. లారీలో ఆ చివర కూర్చున్నాడు.

ఏప్రిల్ 17, గురువారం

ఈరోజు కూడా. మాత్రలు రెండు.

ఏప్రిల్ 18, శుక్రవారం. సెలవు

ఎండుచేపల కూర వండాను, వంకాయలు వేసి, వాళ్ళక్క చేసినట్టు. కంచం తీసుకెళ్ళి వాడి మంచం మీద పెట్టాను. తినలేదు కాసేపు. తర్వాత తిన్నాడు. కారం ఎక్కువైంది, కావాలనే వేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి వాడికి. గ్లాసు అందించాను — వాడే కాచి వడగట్టుకున్న నీళ్ళు. తాగాడు. రెండోది కూడా.

"దొంగవి బావా నువ్వు" అన్నాడు.

క్షమించమని అడగడం నాకు రాదు. కూర ఇంకొంచెం వేశాను.

తర్వాత వాడే చెప్పాడు, కంచం వైపు చూస్తూ. వాళ్ళ ఊళ్ళో పరీక్షల బండి వచ్చేదట. వరసలో నిలబడి రక్తం ఇచ్చేవాళ్ళు. వారం తర్వాత కాగితం వచ్చేది, కిడ్నీ ఎంత పాడైందో చెప్పే అంకెతో. అప్పటిదాకా చెట్లెక్కినవాళ్ళు, వలలు లాగినవాళ్ళు కాగితం చూసి మంచం ఎక్కేవాళ్ళు. 'నీ క్రియాటిన్ ఎంత?' 'నీదెంత?' అని రచ్చబండ దగ్గర అడుగుకునేవాళ్ళట, పిల్లలు మార్కులు అడుగుకున్నట్టు. ఒకటి దాటిందంటే ఇంట్లో ఏడుపు. సింహాచలానిది తొమ్మిది.

"కాగితం రాకముందు అన్నయ్య బాగానే ఉన్నాడు బావా. కాగితమే సంపేసినాది."

నేను ఇన్నేళ్ళూ వాడు నీళ్ళకి భయపడుతున్నాడనే అనుకున్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

రాయకపోతే నిద్ర పట్టదు.

పదకొండున్నర. మేడమ్ చేతిలోని వేడి కొలిచే మీటరు చూసి ఎర్రజెండా పెట్టించింది. విశ్రాంతికి విజిల్ ఊదబోతున్నాను — త్రినాథ్ స్టీలు చువ్వల మధ్య వంగి ఉన్నవాడు లేవలేదు. చేతివేళ్ళు ముడుచుకుపోయాయి, బైండింగ్ వైరు పట్టుకున్నట్టే గట్టిగా. విప్పడానికి రావడం లేదు. మొహం మీద చెమట లేదు. "బావా, సేతులు నావి కావేటి?" అంటున్నాడు. నవ్వబోతున్నాడు కూడాను.

అంచుకి నాలుగడుగులు. బెల్టు కట్టుకున్నాడు. కట్టుకోకపోతే... వద్దు.

నీడలోకి మోసుకొచ్చాం. మేడమ్ మెడ మీద, చంకల్లో ఐసు పెట్టింది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టాను. చిన్నపిల్లాడిలా తాగాడు. ఆ నీళ్ళు ఎక్కడివి, కాచారా, వడగట్టారా — ఏమీ అడగలేదు.

క్లినిక్‌లో రెండు సీసాలు సెలైన్ ఎక్కించారు. డాక్టరమ్మ తమిళావిడ. వాళ్ళ నాన్న సంగతి, అన్న సంగతి చెప్పాను. కిడ్నీ పరీక్ష చేద్దాం, రక్తం, మూత్రం, రెండు నిమిషాల పని అంది. వీడు సెలైన్ సూది ఉన్న చేతినే వెనక్కి లాక్కున్నాడు. వద్దన్నాడు. నాకోసమన్నా చేయించుకో అన్నాను. గోడ వైపు తిరిగాడు.

నాకు వాడంటే ప్రాణం. పదేళ్ళప్పుడు మా పెళ్ళిలో నా చెప్పులు దాచినవాడు వాడు. ఎప్పుడూ చెప్పలేదు, చెప్పే మాట కాదనుకున్నాను. ఇక్కడ రాసి పెడుతున్నా.

ఏప్రిల్ 24, గురువారం

పార్వతి ఫోన్. ఎలా తెలిసిందో. "ఏటండీ, తమ్ముడు పడిపోనాడంట?" పడలేదు, కూర్చున్నాడు అన్నాను. "మీరు పక్కనుండగానే?"

అదే ప్రశ్న నేనూ వేసుకుంటున్నా.

"పరీక్ష సేయించండి. మీరు సెప్తే వింటాడు." నేను చెబితే వినేవాడే అయితే... "వినకపోతే మీరే సేయించుకోండి ముందు. అప్పుడు సిగ్గుపడతాడు." నవ్వింది ఏడుపులోంచి. మా ఆవిడ బుర్ర అది.

ఏప్రిల్ 25, శుక్రవారం

బేరం కుదిరింది. భోజనం దగ్గర అన్నాను — నువ్వు చేయించుకుంటే నేనూ చేయించుకుంటా, ఇద్దరం ఒకే సూదికి... ఒకే రోజు. చాలాసేపు అన్నం కెలికాడు.

"నువ్వెందుకు బావా? మీది బొబ్బిలి వైపు. మీకు రాదు కదేటి."

"రాదు కాబట్టే ధైర్యంగా వస్తా. నీకు తోడు."

"నీ కాగితం ముందు సూడాలి. నీది బాగుంటే నాది సూత్తాను."

సరే అన్నాను. పోయేదేముంది నాకు, చిటికెడు పత్తి, రెండు చుక్కల రక్తం.

ఏప్రిల్ 27, ఆదివారం

రక్తం ఇచ్చాం. వాడు కళ్ళు మూసుకుని నా వేళ్ళు పట్టుకున్నాడు. ముప్పై ఐదేళ్ళవాడు, గుబురు మీసాలు. నర్సు నవ్వు ఆపుకుంది. నేను ఆపుకోలేదు.

శనివారం సాయంత్రం రమ్మన్నారు.

ఏప్రిల్ 29, మంగళవారం

త్రినాథ్ తాగుతున్నాడు! నిజంగానే. ఆ రోజు చెంచా నీళ్ళు వాణ్ణి ఏమీ చేయలేదు కదా, అందుకనుకుంటా. పొద్దున్న గది వదిలేముందు ఒక గ్లాసు, పెరేడ్‌కి పెరేడ్‌కీ ఒక గీత. కాచినవే, వడగట్టినవే, గది నుంచి తెచ్చుకున్నవే — అయితేనేం. గీతలు దిగుతున్నాయి. ఫోర్‌మన్‌ని మేడమ్ ఒప్పించింది, ప్రతి పెరేడ్ తర్వాతా లిఫ్ట్ ఒక ట్రిప్పు టాయిలెట్ కోసమే. లారీ కూడా పొద్దున్న దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగుతోంది. ఇంత చిన్న పనికి ఇన్నేళ్ళు ఎవరూ నోరు తెరవలేదు.

మేడమ్ మెట్ల దగ్గర ఆపింది నన్ను. "బ్రదర్, యు డ్రింక్ ఆల్రెడీ ఆర్ నాట్?"

నోట్లో ఉన్న విజిల్ చూపించాను. విజిల్ పెట్టుకుని ఎలా తాగుతాను మేడమ్ అని.

ఆవిడ నవ్వలేదు.

మే 1, గురువారం. సెలవు

నడుము. మాత్రలు మూడు. పడుకున్నా పగలంతా.

మే 3, శనివారం

క్లినిక్. బెంచీ మీద ఇద్దరం. త్రినాథ్ పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు, ఇన్నాళ్ళ కష్టం ఒక్కరోజులో మంటగలిపాడు.

లోపలికి పిలిచారు. నా కాగితం ముందు చూడాలన్నది బేరం. కానీ డాక్టరమ్మ చేతిలో పైనున్నది వాడి కాగితం, దాన్నే ఇటు తిప్పింది. క్రియాటినిన్ అన్న మాట ఇంగ్లీషులో ఉన్నా వాడు గుర్తుపడతాడు. ఆ ఊళ్ళో అందరూ గుర్తుపడతారు. పక్కన అంకె — 84.

"ఎనబై నాలుగా!"

అంతే. కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుండిపోయాడు. వాళ్ళన్నది తొమ్మిది. వాళ్ళ నాన్న పోయే ముందు పద్నాలుగు. ఎనభై నాలుగు! "అక్కకి నువ్వే సెప్పు బావా... పిల్లోడిని..." ఎనభై నాలుగు ఉన్నవాడు లారీ ఎక్కి ఎలా వచ్చాడు ఇక్కడికి?

డాక్టరమ్మ బల్ల దాటి వచ్చి వాడి పక్కన నేల మీదే కూర్చుంది. నెమ్మదిగా చెప్పింది. మన దగ్గర లెక్క వేరు, ఇక్కడి లెక్క వేరు. మనకి ఒకటి అనేది ఇక్కడ ఎనభై ఎనిమిది దాకా చూపిస్తుంది. మైలు, కిలోమీటరు లాగ. వీడి ఎనభై నాలుగు అంటే మన లెక్కలో ఒకటి కూడా లేదు. "నార్మల్, తంబీ. వెరీ నార్మల్."

మూడుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత నా మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చాడు. నేను వాడి జుట్టు నిమురుతూ నవ్వుతున్నాను, ఏడుస్తున్నాను, ఏదో చేస్తున్నాను. ఆరేళ్ళ బరువు దిగింది. పార్వతికి ఫోన్ చేయాలని జేబులో చేయి పెట్టాను.

"అండ్ దిస్ వన్?" అంది డాక్టరమ్మ. రెండో కాగితం. "దిస్ ఈజ్ యూ?"

168.

లెక్క అప్పుడే నేర్పింది కదా. వేసుకోగలిగాను. రెండుకి కాస్త తక్కువ.

మే 4, ఆదివారం

శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

నిన్న డాక్టరమ్మ అడిగినవి: పెయిన్‌కిల్లర్లు ఎన్నాళ్ళుగా? నాలుగేళ్ళు. రోజుకెన్ని? రెండు, మూడు. దేంతో? టీతో. ఎండలో ఎన్ని గంటలు? నవ్వాను. రోజుకెన్ని నీళ్ళు?

ఆ ఒక్క దానికి జవాబు రాలేదు. మిగతా ఇరవై ఒక్కరి సీసాల్లో నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చెప్పగలను. నా సీసా ఏ రంగో గుర్తులేదు.

బెదిరించలేదు ఆవిడ. ఒక్క కాగితంతో ఏదీ తేల్చలేం అంది. నీళ్ళు లేక, మాత్రల వల్ల కూడా ఇలా పెరగొచ్చు, ఆపితే దిగొచ్చు. దిగకపోవచ్చు కూడా. మాత్రలు పూర్తిగా మానేయాలి. నీళ్ళు రోజంతా, కొంచెం కొంచెం. రెండు వారాలకి మళ్ళీ రక్తం. "అప్పటిదాకా ఇళనీర్ వేండాం" — కొబ్బరి నీళ్ళు వద్దు, అందులో ఉన్నదేదో కిడ్నీ బాగాలేనివాళ్ళకి మంచిది కాదట.

గదికి రాగానే త్రినాథ్ నా పెట్టె తెరిచి మాత్రల అట్టలన్నీ తీసుకున్నాడు. ఏడు. ఎక్కడ పడేశాడో చెప్పడు.

మే 5, సోమవారం

పది గంటల పెరేడ్. విజిల్ కోసం మెడ తడుముకున్నాను. లేదు. వరసకి ఎదురుగా త్రినాథ్ నిలబడి ఉన్నాడు, విజిల్ వాడి మెడలో. సితీ మేడమ్ పక్కన, ఏమీ తెలియనట్టు మీటరు చూసుకుంటోంది.

వాడి చేతిలో కొత్త సీసా, నీలం రంగుది. మీద మార్కర్‌తో గీతలు. పైన రాశాడు: బావ.

వరసలో నిలబడ్డాను, చివర్న, వాడుండే చోట. ఊదాడు. ఎత్తాను.

ఇన్ని నీళ్ళు ఒకేచోట నిలబడి తాగి ఎన్నేళ్ళయిందో. పొట్టలోకి చల్లగా దిగుతుంటే తెలిసింది — నేను ఎంత ఎండిపోయి ఉన్నానో.

మే 7, బుధవారం

నడుము నొప్పి. మాత్ర లేదు. త్రినాథ్ వేడినీళ్ళ సంచి పెట్టాడు. దేవుడా, నొప్పి.

టాయిలెట్ గోడ మీద రంగుల పట్టీ మొదటిసారి చూసుకున్నా. కింది నుంచి రెండో గడి.

మే 9, శుక్రవారం

నాలుగో గడి!

త్రినాథ్‌కి చెబితే సీరియస్‌గా తలూపాడు, ఇన్‌స్పెక్టర్‌లా. "ఇంకా ఎక్కాలి బావా."

మే 11, ఆదివారం

పార్వతి వీడియోలో. ఆవిడకి తమ్ముడి అంకె తెలుసు. నాది తెలియదు. రెండో పరీక్ష అయ్యాక చెబుదాం అనుకున్నాం ఇద్దరం. "మీదీ వచ్చిందా కాగితం?" అంది. త్రినాథ్ ఫోన్ లాక్కున్నాడు — "బావకి నీళ్ళు సాలవన్నారక్కా. నాను తాగిస్తన్నాను."

అబద్ధం కాదు. నిజమంతా కూడా కాదు.

ఆవిడ కాసేపు ఇద్దరినీ చూసింది. "మీ ఇద్దర్లో ఎవులు ఎవుల్ని సూసుకుంతన్నారు?" అంది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూపించాం.

ఫోన్ పెట్టేశాక నాకు భయం వేసింది. బాగా వేసింది. పెరట్లో మందారాలు కోస్తూ మాట్లాడింది ఆవిడ. సింహాచలాన్ని వాళ్ళావిడ ఆటోలో ఎక్కించి మిషనుకి తీసుకెళ్ళడం చూశాను ఒకసారి. పార్వతికి ఆ ఆటో వద్దు. ఇంతకంటే ఏమీ అడగను.

టెక్కా వెళ్ళాం. కొబ్బరిబోండాల బండి దగ్గర వాడు ఆగలేదు. "నువ్వు తాగరా" అన్నాను. "ఇద్దరం కలిసి తాగుదాం, తర్వాత" అన్నాడు.

మే 14, బుధవారం

వాడంటాడు — "నువ్వు మా ఊరు కాదు కదేటి, మరి నీకెందుకొచ్చినాది?" పదిసార్లు అడిగాడు. నేనూ అదే అనుకున్నాను కదరా. ఆ జబ్బు మీ ఊరిది, నాది కాదు అని. ఒక ఊరి పేరు పెట్టేస్తే మిగతావాళ్ళం తప్పించుకున్నట్టే అనుకున్నాను. మీ నీళ్ళకి భయపడే నిన్ను చూసి నవ్వుకుంటూ, నా నీళ్ళు మరచిపోయాను.

మే 17, శనివారం

రెండోసారి రక్తం ఇచ్చాను. ఈసారి నేను వాడి వేళ్ళు పట్టుకున్నా. నర్సు నవ్వలేదు.

మంగళవారం ఫోన్ చేస్తారు.

మే 18, ఆదివారం

ఏమీ లేదు. బట్టలు ఉతికాం. పదకొండు గ్లాసులు — వాడు లెక్క.

మే 20, మంగళవారం

పదకొండు గంటల విశ్రాంతి. నీడలో కూర్చుని రాస్తున్నా. కింద సముద్రం వైపు క్రేన్లు, ఓడలు.

ఇప్పుడే పెరేడ్ అయింది. పెరేడ్ మధ్యలో జేబులో ఫోన్ మోగింది. సీసా ఎత్తి ఉన్నాను, దించకూడదు. ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఆగిపోయింది. తీసి చూస్తే క్లినిక్ నంబరు. రెండు మిస్డ్ కాల్స్.

వేలు ఆ నంబరు మీద పెట్టి కూర్చున్నా. నొక్కడం లేదు. త్రినాథ్ అన్నమాట ఇప్పుడు అర్థమవుతోంది. కాగితం రాకముందు మనిషి బాగానే ఉంటాడు.

వాడు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఫోన్ చూశాడు. నన్ను చూశాడు. నా నీలం సీసా తీసుకుని వెళ్ళి ఈ అంతస్తు కుళాయి దగ్గర పట్టుకొచ్చాడు. కాచలేదు. వడగట్టలేదు. నేను చూస్తుండగా ముందు తను తాగాడు, మూడు గుక్కలు, కళ్ళు తెరిచే, ముక్కు మూసుకోకుండా. గొంతు ముడి ఆడింది. నీళ్ళూ కదిలాయి, ఈసారి చూశాను. మూతి తుడుచుకుని సీసా నా చేతిలో పెట్టాడు.

"ముందు తాగు బావా. తరవాత సేద్దుము. ఎంతైనా గానీ, ఇద్దరం ఉన్నాం."

విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఊదాడు, చిన్నగా, నా ఒక్కడికి వినిపించేలా.

ఎత్తాను. ఒక చేత్తో తాగుతూ ఒక చేత్తో రాస్తున్నా, అక్షరాలు వంకర పోతున్నాయి. ఫోన్ మోకాలి మీద ఉంది. నీళ్ళు మూడో గీత దాటాయి. రెండో విజిల్ ఊదేదాకా దించకూడదు.

వాడు నన్నే చూస్తున్నాడు. ఇంకా ఊదలేదు.